హ్యామర్ త్రోలో అంతర్జాతీయ స్థాయికి దారి: విశాఖ పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పొద్దున్నే గ్రౌండుకి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పరుగు కోసమో, కబడ్డీ కోసమో, కానిస్టేబుల్ ఉద్యోగం ఫిజికల్ టెస్టు కోసమో వస్తారు. హ్యామర్ కోసం వచ్చేవాళ్లు తక్కువ. వాళ్లని తీసుకొచ్చే అమ్మానాన్నలకి మాత్రం బోలెడు సందేహాలు. నేను కాలేజీ రోజుల్లో హ్యామర్ విసిరాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా పిల్లలకి నేర్పిస్తున్నాను. విసిరేచోటు చుట్టూ వల కట్టి ఉండే కేజ్ పక్కన నిలబడి నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

హ్యామర్ అంటే సుత్తే కదా? దాన్ని విసరడమేంటి?

పేరు మాత్రమే సుత్తి. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో ఒకప్పుడు నిజంగానే కర్ర పిడి ఉన్న సుత్తిని విసిరేవాళ్లు. ఇప్పుడు వాడేది ఒక లోహపు గుండు, దానికి ఉక్కు వైరు, వైరు చివర చేత్తో పట్టుకునే హ్యాండిల్. మగవాళ్ల హ్యామర్ మొత్తం బరువు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. పొడవు సుమారు 1.2 మీటర్లు. 2.135 మీటర్ల వ్యాసం ఉన్న సిమెంటు సర్కిల్లో మూడు నాలుగు చుట్లు తిరిగి వదిలేస్తారు. గుండు 34.92 డిగ్రీల కోణంలో గీసిన రెండు గీతల మధ్య, అంటే సెక్టార్ లోపల పడాలి. అది నేలని తాకేదాకా సర్కిల్లోంచి బయటికి రాకూడదు, వచ్చేటప్పుడు వెనక సగంలోంచే రావాలి.

స్కూల్లో ‘సుత్తి’ అని ఏడిపిస్తున్నారని ఒక బాబు ఆటే మానేస్తానన్నాడు. మగవాళ్ల హ్యామర్ 1900 నుంచీ ఒలింపిక్స్‌లో ఉందని ఆ బాబుకి చెప్పాను, మీ పిల్లలకీ చెప్పండి.

మా వాడు సన్నగా ఉంటాడు. ఇది బాగా బలమున్నవాళ్ల ఆట కదా?

అందరూ మొదట అడిగేది ఇదే. బలం కావాలి, అందులో అనుమానం లేదు. పైస్థాయిలో విసిరేవాళ్లు రోజూ స్క్వాట్లు, క్లీన్లు, స్నాచ్‌లు లాంటి బరువులెత్తే కసరత్తులు చేస్తారు. కానీ దూరాన్ని తేల్చేది వదిలే క్షణంలో గుండుకి ఉన్న వేగం. 80 మీటర్లు పడాలంటే గుండు సెకనుకి సుమారు 28 మీటర్ల వేగంతో, అంటే గంటకి 100 కిలోమీటర్ల వేగంతో చేతిలోంచి పోవాలి. ఆ స్థాయిలో సెకనుకి ఒక్క మీటరు వేగం పెరిగితే దూరం 5 మీటర్లకి పైగా పెరుగుతుంది. ఆ సమయంలో గుండు మనిషిని 300 కిలోల బరువు వేలాడినంతగా బయటికి లాగుతుంది. చేతుల బలంతో దాన్ని ఆపాలని చూస్తే పడిపోతాం. నడుము కిందికి దించి, వెనక్కి ఒరిగి, గుండుకి ఎదురుబరువుగా కూర్చోవాలి. బావిలోంచి నిండు బకెట్టు తోడేవాళ్లు ఒళ్లు వెనక్కి వేసి లాగుతారు చూడండి, అలాగన్నమాట.

కుడిచేతి వాటం వాళ్లు ఎడమవైపుకి తిరుగుతారు. ఎడమ పాదం సర్కిల్ మీదే ఉండి మడమ మీద, ఆ తర్వాత ముందరి పాదం మీద తిరుగుతుంది. కుడి పాదం లేచి, త్వరగా దిగాలి. ఎందుకంటే రెండు పాదాలూ నేల మీద ఉన్నప్పుడే వేగం కలపగలం. కుడి పాదం ఎంత ముందుగా దిగితే అంత ఎక్కువసేపు తోయొచ్చు. మొత్తం ఆట ఆ కుడి పాదంలో ఉంది.

మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఇంటి డాబా మీద మేకు కొట్టి, దానికి పురికొస కట్టి, బొగ్గుముక్కతో సరిగ్గా సర్కిల్ కొలత గీసుకుంది. రోజూ సాయంత్రం చీపురు కర్ర భుజాల మీద అడ్డంగా పెట్టుకుని తిరిగేది. మొదటి నెల రెండో చుట్టులోనే గీత దాటేసేది. నాలుగో నెలకి నాలుగు చుట్లు తిరిగి గీత లోపలే ఆగింది. అప్పటికి బరువు ఎత్తడం మేం ఇంకా సరిగ్గా మొదలుపెట్టనే లేదు. కానీ హ్యామర్ ఇచ్చాక, గ్రౌండులో తనకంటే లావుగా, బలంగా ఉన్న పిల్లలందరికంటే దూరం విసిరింది.

ఇంకో మాట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికన్ హాల్ కానలీకి పుట్టుకలో అయిన గాయం వల్ల ఎడమ చెయ్యి పొట్టిగా, బలహీనంగా ఉండేది. హ్యాండిల్ ముందుగా పట్టుకునేది ఆ ఎడమ చెయ్యే.

ఏ వయసులో మొదలుపెట్టాలి? పేరు రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

పన్నెండు, పదమూడేళ్లకి మొదలుపెట్టొచ్చు. పద్నాలుగు, పదిహేనుకి వచ్చినా ఆలస్యమేం కాదు. అప్పటిదాకా పరుగు, గెంతులు, ఈత, ఏ ఆటైనా మంచిదే. పెద్దల హ్యామర్ నేరుగా చేతికివ్వకూడదు. అండర్-18 మగపిల్లలకి 5 కిలోలు, అండర్-20కి 6 కిలోలు. అండర్-18 ఆడపిల్లలకి 3 కిలోలు. మొదలుపెట్టేవాళ్లకి నేను ఇంకా తేలికైనవి ఇస్తాను.

ఎన్నేళ్లంటే, కనీసం పదేళ్లు లెక్క వేసుకోండి. ఇలా అనగానే తల్లిదండ్రుల ముఖాలు వాడిపోతాయి. రెండేళ్లలో నేషనల్స్, మూడేళ్లలో ఉద్యోగం అని ఎవరో చెప్పి పంపించి ఉంటారు. ఈ ఆట నిదానంగా పండుతుంది. మగవాళ్ల ప్రపంచ రికార్డు 86.74 మీటర్లు. 1986 ఆగస్టు 30న స్టుట్‌గార్ట్‌లో సోవియట్ క్రీడాకారుడు యూరీ సెదిఖ్ విసిరింది అది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అప్పటికి ఆయన వయసు 31. ఆడవాళ్ల రికార్డు 82.98 మీటర్లు. 2016 ఆగస్టు 28న వార్సాలో పోలండ్‌కి చెందిన అనీతా వొదార్చిక్ విసిరింది. ఆమెకీ అప్పుడు 31 ఏళ్లే. జపాన్‌కి చెందిన కోజి మురోఫుషి 36 ఏళ్ల వయసులో, 2011లో డేగులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

చిన్న వయసులో గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆడవాళ్ల హ్యామర్‌ని ఒలింపిక్స్‌లో మొదటిసారి 2000లో సిడ్నీలో పెట్టినప్పుడు స్వర్ణం గెలిచిన పోలండ్ అమ్మాయి కామిలా స్కోలిమోవ్‌స్కాకి 17 ఏళ్లు. కెనడాకి చెందిన ఈథన్ కాట్జ్‌బర్గ్ 21 ఏళ్లకే 2023లో ప్రపంచ ఛాంపియన్, మరుసటి ఏడాది పారిస్‌లో 84.12 మీటర్లతో ఒలింపిక్ ఛాంపియన్. అలాంటివాళ్లని చూసి సంతోషించండి, మీ పిల్లల్ని మాత్రం వాళ్లతో పోల్చకండి.

కామిలా 2009లో, 26 ఏళ్లకే చనిపోయింది. ఆమె గ్లవ్‌ని అనీతా తన చేతికి తొడుక్కుని పోటీ చేసింది. ఆ 82.98 మీటర్ల త్రో పడింది కూడా కామిలా జ్ఞాపకార్థం జరిగే పోటీలోనే. నా పిల్లలకి ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

మన దేశం నుంచి ఎవరైనా ఈ ఆటలో పైకి వచ్చారా?

వచ్చారు. టీవీ మహాభారతంలో గద పట్టుకున్న భీముడు గుర్తున్నాడా? ఆయనే ప్రవీణ్ కుమార్ సోబ్తీ. 1966లో కింగ్‌స్టన్ కామన్వెల్త్ క్రీడల్లో హ్యామర్‌లో రజతం తెచ్చాడు. అదే ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డిస్కస్‌లో స్వర్ణం, హ్యామర్‌లో కాంస్యం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో హ్యామర్ విసిరాడు. భీముడి వేషం ఆ తర్వాత ఇరవై ఏళ్లకి వచ్చింది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రాజస్థాన్ అమ్మాయి మంజు బాల కాంస్యం గెలిచింది. 2017లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-18 పోటీల్లో దమ్‌నీత్ సింగ్ రజతం తెచ్చాడు.

ఇంకా ఎంత దూరం వెళ్లాలో కూడా చెప్పాలి. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత మార్కు మగవాళ్లకి 78.20 మీటర్లు, ఆడవాళ్లకి 74 మీటర్లు. మన దేశంలో మగవాళ్లు 70 మీటర్ల దగ్గర, ఆడవాళ్లు 65 మీటర్ల దగ్గర పెనుగులాడుతున్నారు. ఆ తేడాకి కారణం మన పిల్లల ఒంట్లో లోపమని నేను ఒప్పుకోను. మంచి సర్కిల్, భద్రమైన కేజ్, పదేళ్లు ఒకే కోచ్ దగ్గర ఉండే అవకాశం ఈ దేశంలో చాలా కొద్దిమందికే దొరుకుతున్నాయి. జనాభా పెద్దగా లేని తజికిస్థాన్‌కి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం 2016లో హ్యామర్‌లోనే వచ్చింది. తెచ్చినవాడు దిల్షోద్ నజరోవ్, 78.68 మీటర్లు.

అంతర్జాతీయ స్థాయి క్రీడాకారుల ఏడాది ఎలా గడుస్తుంది?

పోటీలు కొద్ది నెలలే. మిగతాదంతా తయారీ. బరువులు, గెంతులు, రకరకాల బరువున్న హ్యామర్లతో త్రోలు. సెదిఖ్ కోచ్ అనతోలీ బొందార్చుక్ స్వయంగా 1972 ఒలింపిక్ ఛాంపియన్. పోటీ హ్యామర్ కంటే తేలికైనవీ, బరువైనవీ కలిపి విసిరించే పద్ధతిని ఆయన లెక్కలు రాసి పెట్టుకుని మరీ పండించాడు. ఈనాటి కోచ్‌లు చాలామంది ఏదో ఒక రూపంలో దాన్నే వాడుతున్నారు.

పోటీలో మూడు త్రోలు ఇస్తారు, సాధారణంగా మొదటి ఎనిమిదిమందికి ఇంకో మూడు. ఒక్కో త్రోకి ఒక నిమిషం. ఏడాదంతా పడిన కష్టం ఆ ఆరు నిమిషాల్లో తేలుతుంది. టెన్షన్ తట్టుకోవడం కూడా ప్రాక్టీసులో భాగమే. అందుకే మా పిల్లలకి వారానికి ఒకరోజు ‘ఆరే త్రోలు’ అని పెడతాను. ఫౌల్ చేస్తే ఆ త్రో పోయినట్టే, ఇంకోటి ఇవ్వను.

ఇది ప్రమాదం కదా? ఎవరికైనా తగిలితే?

ప్రమాదమే. ఈ విషయంలో నేను ఎవరికీ సర్దిచెప్పను.

చాలా ఏళ్ల కిందట, ఒక డిసెంబరు పొద్దున, పేరు చెప్పని ఒక గ్రౌండులో ప్రాక్టీసు చేయిస్తున్నాను. కేజ్ వలకి ఒకచోట చిరుగు ఉంది. నిర్వాహకులకి రెండుసార్లు చెప్పాం, బాగుచేయలేదు. చిరుగు కుడివైపు కదా, మనవాడు అటు వదలడులే అనుకున్నాను. నేను చేసిన తప్పు అది. వాడు మూడో చుట్టులో జారి ముందుగా వదిలేశాడు. గుండు సరిగ్గా ఆ చిరుగులోంచి పోయి, ట్రాక్ మీద నడుస్తున్న ఒక పెద్దాయనకి నాలుగడుగుల దూరంలో నేలలో దిగబడింది. ఆయన ఆగి ఆ గుంతని చూశారు, నన్ను చూశారు. ఒక్క మాట కూడా అనకుండా నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆయన తిట్టి ఉంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో.

ఆ రోజు నుంచి మా దగ్గర పద్ధతి ఇది. వలలో చెయ్యి దూరేంత కన్నం ఉన్నా ఆ రోజు త్రోలు లేవు. విసిరేముందు ఒకరు సెక్టార్ వైపు చూసి చెయ్యెత్తాలి, అందరికీ వినబడేలా కేక వెయ్యాలి. మార్నింగ్ వాకర్స్ దాటుతుంటే ఆగాలి, చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్లయితే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాలి. తమ వంతు రానివాళ్లు కేజ్ వెనక, వలకి ఆనకుండా నిలబడాలి. గుండు పడ్డాక నడిచి వెళ్లి తెచ్చుకోవాలి, వెనక్కి విసరకూడదు. మీ పిల్లల్ని ఎక్కడ చేర్పించినా ముందు ఆ వలని మీరే వెళ్లి చూడండి. చూడనివ్వని చోట చేర్పించకండి.

విశాఖ వాతావరణం ఈ ఆటకి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ సముద్రం పక్కన ఉన్నామని మర్చిపోకూడదు. ఉప్పుగాలికి వైరు తుప్పు పడుతుంది. హ్యాండిల్‌కీ వైరుకీ మధ్య ఉండే మెలికలో మొదట ఎర్రగా చిన్న చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క దగ్గరే ఒకరోజు తెగుతుంది. వాడాక పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె పామి, ఇంట్లో పెట్టుకోవాలి. పోటీలో వైరు తెగితే ఫౌల్ కాదు, ఆ త్రో మళ్లీ ఇస్తారు. ప్రాక్టీసులో తెగితే మాత్రం అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఉక్కపోతకి అరచేతులు చెమటపడతాయి. చాక్ పొడి దగ్గర ఉంచుకోవాలి. ఎండాకాలం పొద్దున ఏడున్నరకల్లా త్రోలు ముగించేస్తాం. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో సర్కిల్ తడిసి ఉంటే ఎంత తుడిచినా సరే, చుట్లు తిరగనివ్వను. ఆ రోజు జిమ్ములోనే.

ఆడపిల్ల కదా, కండలు పెరిగి మగరాయుడిలా అయిపోతుందేమో? రేపు పెళ్లి...

ఈ ప్రశ్న అమ్మలు గొంతు తగ్గించి అడుగుతారు. నేను గొంతు పెంచే జవాబు చెప్తాను. కాదమ్మా, అలా అయిపోదు. బరువులెత్తితే ఎముక గట్టిపడుతుంది, నడుము నిటారుగా నిలబడుతుంది, ఆకలి వేస్తుంది. శ్రీకాకుళం నుంచి వెళ్లిన మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన ఉత్తరాంధ్ర అమ్మాయి. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

తిండి దగ్గర మాత్రం కొడుక్కి రెండు గుడ్లు, కూతురికి ఒకటి అనే లెక్క పనికిరాదు. చోడి అంబలి, పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు. మన వంటింట్లో ఉన్నవే చాలు, కడుపునిండా పెట్టండి.

విశాఖ వదిలి వెళ్లాల్సి వస్తుందా?

ఒక స్థాయి దాటాక తప్పకపోవచ్చు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. ఇక్కడే స్కూల్లో పరుగు మొదలుపెట్టి, హైదరాబాద్ వెళ్లి, తర్వాత భువనేశ్వర్‌లో శిక్షణ తీసుకుని, 2023లోనూ 2025లోనూ 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. వాళ్లది డబ్బున్న కుటుంబం కాదు. అయితే పదమూడేళ్ల పిల్లని హడావిడిగా హాస్టల్లో పడేయమని నేను చెప్పను. మొదటి మూడు నాలుగేళ్లు ఇంటి తిండి తింటూ ఇక్కడే నేర్చుకోవచ్చు.

దీంతో బతుకు గడుస్తుందా?

విసిరి సంపాదించే డబ్బు మీదే బతకడం కష్టం. పెద్ద ప్రైజ్‌మనీ ఉన్న ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల వరుస డైమండ్ లీగ్‌లో హ్యామర్ లేదు. ప్రపంచ ఛాంపియన్లు కూడా జావెలిన్, పరుగు వాళ్లంత సంపాదించరు. మన దగ్గర దారి ఉద్యోగమే. రైల్వే, పోలీసు, నేవీ, ఇతర రక్షణ దళాలు, కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు క్రీడా కోటాలో తీసుకుంటాయి. అందుకు జాతీయ స్థాయి, యూనివర్సిటీల మధ్య పోటీల సర్టిఫికెట్లు పనికొస్తాయి. ప్రతి సర్టిఫికెట్‌నీ లామినేషన్ చేయించకుండా ఫైల్లో భద్రంగా పెట్టండి, జిరాక్సులు తీయించండి.

చదువు ఆపొద్దు. డిగ్రీ ఉంటే యూనివర్సిటీ పోటీలూ దొరుకుతాయి, తర్వాత ఉద్యోగమూ దొరుకుతుంది. పుట్టినతేదీ మార్పించి చిన్న వయసు విభాగంలో ఆడించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. వయసు పరీక్షలు చేస్తారు. దొరికితే ఇన్నేళ్ల కష్టం ఒక్కరోజులో పోతుంది.

ఎవరో ఇంజక్షన్ తీసుకుంటే త్వరగా పెరుగుతుందన్నారు. నిజమేనా?

అలా అన్న మనిషి ఎవరైనా సరే, మీ పిల్లల దగ్గరికి మళ్లీ రానివ్వకండి.

ఈ ఆట చరిత్రలో డోపింగ్ మచ్చలు చాలా ఉన్నాయి. 2004 ఏథెన్స్‌లో మొదట గెలిచిన హంగేరియన్ ఆద్రియాన్ అన్నుష్ పతకాన్ని లాగేసుకుని మురోఫుషికి ఇచ్చారు. 2012 లండన్‌లో మొదట స్వర్ణం తీసుకున్న రష్యన్ తత్యానా లిసెంకోని తర్వాత అనర్హురాలిగా తేల్చారు, స్వర్ణం అనీతాకి వచ్చింది. కానీ స్టేడియంలో నిలబడి తన జాతీయగీతం వినాల్సిన ఆ నిమిషాన్ని ఆమెకి ఎవరు తిరిగి ఇస్తారు?

జిమ్ముల దగ్గర అమ్మే పొడి డబ్బాల్లో నిషేధిత మందులు కలిసి ఉండొచ్చు. ‘నాకు తెలియదు’ అంటే ఊరుకోరు. ఒంట్లో ఏముందో దానికి బాధ్యత క్రీడాకారుడిదే. జలుబు మందు వేసుకునే ముందు కూడా, పోటీల్లో ఆడుతున్నామని డాక్టరుకి చెప్పాలి.

చేతులు పుళ్లు పడుతున్నాయి. మామూలేనా?

మామూలే. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మొదళ్ల దగ్గర ముందు ఎర్రబడుతుంది, తర్వాత నీటిపొక్కు, అది చితికి చర్మం గట్టిపడుతుంది. గ్లవ్ రెండువైపులా నునుపుగా ఉండాలి, వేళ్ల చివర్లు బయటికి కనిపించాలి. టేపు ఒక్కో వేలికి విడిగా వేసుకోవచ్చు, రెండు వేళ్లు కలిపి చుట్టకూడదు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోమంటాను. నడుము నొప్పి మాత్రం మామూలు అనుకోకండి, వెంటనే ఆపించండి.

ఆట అయిపోయాక ఏం చేస్తారు?

చాలామంది కోచ్‌లవుతారు. మురోఫుషి తండ్రి షిగెనొబు ఐదుసార్లు ఆసియా క్రీడల ఛాంపియన్, కొడుక్కి కోచ్ ఆయనే. కొడుకు తర్వాత జపాన్ ప్రభుత్వ క్రీడా సంస్థకి అధిపతి అయ్యాడు. బొందార్చుక్ తర్వాత కెనడా వెళ్లి, షాట్‌పుట్ వేసే డిలన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి నేర్పాడు. ఆ ఆర్మ్‌స్ట్రాంగే ఇప్పుడు కాట్జ్‌బర్గ్ కోచ్. 1972లో స్వర్ణం గెలిచిన మనిషి విద్య, శిష్యుడి శిష్యుడి చేతుల్లో 2024లో మళ్లీ స్వర్ణమైంది.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

అడుగు చదునుగా, నునుపుగా ఉండే బూట్లు. స్పైకులు, బాగా గ్రిప్ ఉన్న రన్నింగ్ షూలు వద్దు, పాదం తిరగదు. ఒక నీళ్ల సీసా, ఒక పాత తువ్వాలు. గ్లవ్ మేమే ఇస్తాం. మొదటి రోజు హ్యామర్ ముట్టుకోనివ్వను. కేజ్ వెనక నిలబడి, విసిరేవాళ్ల చేతుల్ని వదిలేసి కుడి పాదాన్నే చూస్తూ ఉండమంటాను. రెండోవారం చీపురు కర్ర తెచ్చుకోమంటాను.